నాలుగు గంటల విమానంలో నాచు

సోమవారం ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు పరిశోధన సంస్థ మూడో అంతస్తులో ల్యాబ్ అసిస్టెంట్ చనిపోయి కనిపించాడు. చూసింది గదులు ఊడ్చే మనిషి. శవం మెడ మీద సూది గుచ్చిన గుర్తు ఉంది. కుడిచేతికి రబ్బరు గ్లవ్ ఉంది, ఎడమచేతికి లేదు. గదంతా బ్లీచ్ వాసన. అరల్లో గాజు ఫ్లాస్కులు వరసగా ఉన్నాయి. ముందురోజు వాటిలో నీళ్లు ఆకుపచ్చగా ఉండేవి. ఇప్పుడు తెల్లబడ్డాయి. నమూనాలు దాచే డీప్ ఫ్రీజర్ ప్లగ్ ఎవరో పీకేశారు. ఒక ఫ్లాస్కు ఉండాల్సిన చోట గుండ్రటి తడి మరక ఉంది, ఫ్లాస్కు లేదు.

తలుపు తెల్లవారుజామున కార్డుతో తెరుచుకుంది. ఆ కార్డు ల్యాబ్‌కు పెద్దగా ఉన్న డాక్టరమ్మది.

పది గంటలకు బావ ఆఫీసులో ఉన్నాడు.

ఆ ఆఫీసుకు బయట బోర్డు లేదు. లోపల అందరికీ చుట్టరికం పేర్లే. ఫోను ఎవరైనా దొంగచాటుగా విన్నా ఏదో ఇంటి గొడవ అనుకోవాలని పెట్టుకున్న పద్ధతి. డైరెక్టర్ పేరు పెద్దమ్మ. బావ ఫీల్డ్ ఏజెంటు. విదేశీ ముఠాలో చేరి, అక్కడి కబుర్లు ఇక్కడికీ ఇక్కడి కబుర్లు అక్కడికీ మోసే ఆవిడ మరదలు. ఈ వరుసలు ఒకదానితో ఒకటి కలవవు. కలిపి చూద్దామని కూర్చున్న గుమాస్తా ఒకాయన మధ్యలో వదిలేశాడు.

"కూర్చో నాయనా. కాఫీ లేదు. టైమూ లేదు" అంది పెద్దమ్మ. టేబుల్ మీద బొటనవేలంత గాజుగొట్టం పెట్టింది. దానికి రెండు తీగలున్నాయి. లోపల ఖాళీ.

"ఇందులో డాక్టరమ్మ నాచునీళ్లు పోసి గోడకి అంటిస్తే, ఎండ తగిలితే చాలు, కరెంటు ఇస్తుంది. ఒక మైకుకి సరిపడా. బ్యాటరీ అక్కర్లేదు. మార్చడానికి మనిషి వెళ్లక్కర్లేదు."

బావ గొట్టాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బ్యాటరీ మార్చడానికి వెళ్లి అవతలి దేశంలో దొరికిపోయినవాళ్లలో ఇద్దరు అతనితో పాటు ట్రైనింగ్ అయినవాళ్లు.

"ఏ నాచైనా ఇస్తుందా?"

"చెంచాడు ఇస్తుంది, నెల తిరక్కుండా చస్తుంది. ఈవిడది బిందెడు ఇస్తుంది, చావదు. దానంతటది మారిన జీవి అట. ఎలా మారిందో ఆవిడకే తెలీదు. అంటే మళ్లీ చేయడం కుదరదు. విత్తనం మొత్తం పోయిన ఫ్లాస్కులో ఉంది."

"ఎక్కడుందో తెలిసిందా?"

పెద్దమ్మ ఫోను స్పీకర్ నొక్కింది. గంట కిందట వచ్చిన మెసేజ్. మరదలి గొంతు. "పెద్దమ్మా, పిల్లకి సంబంధం కుదిరిపోయింది. సాయంత్రం నాలుగింటి బండికి పంపించేస్తున్నారు. షావుకారు ఇంట్లో విడిది. ఒకటే జనం, అందరూ ఒకే రంగు బట్టలు. పిల్ల ఎవరో నాకూ చూపించట్లేదు. హడావిడిగా మీదపడకండి, షావుకారు కోపం మంచిది కాదు."

షావుకారంటే విమానాశ్రయం పక్క గోడౌన్ యజమాని. చేపపిల్లల మేతకు బతికున్న నాచును ప్లాస్టిక్ సంచుల్లో కట్టి ఎగుమతి చేస్తాడు. ఆరేసి సంచులు పట్టే థర్మోకోల్ పెట్టెలు ఆరు, ఆ రోజు నాలుగు గంటల కార్గో విమానానికి బుక్ అయి ఉన్నాయి. ఆ ముప్పయ్యారు సంచుల్లో ఒకటి డాక్టరమ్మది.

"మొత్తం సీజ్ చేస్తే పోదా?"

"షావుకారు కాళ్ల దగ్గర బ్లీచ్ క్యాను పెట్టుకు కూర్చుంటాడట. పోలీసు టోపీ కనపడితే అన్నిట్లోనూ ఒంపేస్తాడు. వాళ్లకి దొరక్కపోయినా పర్లేదు, మనకి మిగలకూడదు. వాళ్ల లెక్క అది."

"మరదలు మనవైపేనా?"

"మంగళ, గురువారాలు మనవైపు."

"ఇవాళ సోమవారం కదా."

"అందుకే నిన్ను పంపిస్తున్నా." పెద్దమ్మ పక్కగది తలుపు వైపు చూసింది. "డాక్టరమ్మ అందులో ఉంది. నీతో వ్యానులో వస్తుంది. కార్డు ఆవిడది, బ్లీచ్ బీరువా తాళం ఆవిడది. నాచు ప్రాణంతో దొరికితే ఆవిడ సాక్షి. దొరక్కపోతే ముద్దాయి. హత్యకి, దేశద్రోహానికి, రెండిటికీ."

"ఆవిడే చేసిందంటారా?"

"నేనేమీ అనను. నువ్వు తెచ్చేదాన్ని బట్టి అంటాను."

డాక్టరమ్మకు యాభై దాటాయి. చెప్పులు రెండూ రెండు జతలవి. వ్యాను కదిలాక అడిగింది.

"తమ్ముణ్ణి మార్చురీకి తీసుకెళ్లారా?"

"మీ తమ్ముడా?"

"అసిస్టెంటు. ఆరేళ్లుగా అక్కా అని పిలుస్తాడు. వాళ్లమ్మకి ఎవరైనా చెప్పారా?"

ఆవిడ పక్కన కూర్చున్న గార్డు కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆవిడ బ్యాగులోంచి లావుపాటి పెన్ను తీసింది. మూత తీస్తే నిబ్బు ఉండాల్సిన చోట రెండు కార్బన్ పుల్లలు, పక్కన అంకెల కిటికీ. "ఇది నీళ్లలో ముంచండి. టార్చి కొట్టండి. పది అంకెలు లెక్కపెట్టి చూడండి. మామూలు మేత నాచు అయితే మూడో నాలుగో చూపిస్తుంది. మాదైతే నలభై దాటుతుంది. పొరపాటు పడే అవకాశమే లేదు."

"నలభై?"

"నలభై."

ఎయిర్‌లైన్స్ వాళ్ల ఇన్‌స్పెక్టర్ ప్రతి లోడుకు ముందు వచ్చి సంచులు చూస్తాడు. చచ్చిన నాచు దారిలో కుళ్లి సంచీ పగులుతుంది, కాబట్టి చచ్చిన సంచీ విమానం ఎక్కదు. ఆ రోజు ఇన్‌స్పెక్టర్‌ను పెద్దమ్మ ఆఫీసులో కూర్చోబెట్టారు. అతని కోటు, మెడలో కార్డు బావకు వచ్చాయి. కోటు భుజాల దగ్గర బిగుతు. కార్డు మీద ఫోటో మార్చారు. చెవిలో శనగగింజంత ఇయర్‌పీస్ పెట్టుకున్నాడు. గుండీలో మైకు. వ్యాను వీధి మలుపులో ఆగింది. టైము రెండు.

గోడౌన్ నేల తడిగా ఉంది. పంపు శబ్దం. గోడ పొడవునా తొట్లు. మధ్యలో బల్ల మీద ఆరు తెల్ల పెట్టెలు, మూతలు తీసి ఉన్నాయి. బల్ల చివర కుర్చీలో షావుకారు, కాళ్ల మధ్య తెల్లక్యాను. మూత బిగించి లేదు, ఊరికే ఆనించి ఉంది. తొట్టి దగ్గర ప్యాకర్ సంచీ మూతికి రబ్బరు బ్యాండు చుడుతున్నాడు. ఇంకో కుర్చీలో ఎర్ర జాకెట్‌లో మరదలు. నల్ల కళ్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు. కొనేవాళ్ల తరఫున సరుకు వెంట విమానంలో వెళ్లాల్సింది ఆమే.

"కొత్తగా ఉన్నారే. పాతాయన ఏరీ?" అన్నాడు షావుకారు.

"పంటినొప్పి సార్."

"ఆయనకి పళ్లే లేవు కదండీ!"

"కొత్తవి కట్టించుకున్నాడు. అవే నొప్పి."

షావుకారు నవ్వలేదు. మరదలు నవ్వింది. "కానివ్వండి ఇన్‌స్పెక్టర్ గారూ. విమానం మీ పళ్ల కోసం ఆగదు."

బావ మొదటి పెట్టె దగ్గర నిలబడ్డాడు. ప్యాకర్ సంచీ మూతి విప్పాడు. బావ పెన్ను ముంచి, టార్చి కొట్టి, మనసులో పది లెక్కపెట్టి, రీడింగ్ పైకి చదివాడు. ఇన్‌స్పెక్టర్లు అలాగే చదువుతారు. ప్యాకర్ సంచీ మీద చాక్‌తో టిక్కు పెట్టాడు.

"మూడు. సరే. తర్వాతది."

"నాలుగు. సరే."

"మూడు."

ఇయర్‌పీస్‌లో డాక్టరమ్మ ఊపిరి వినిపిస్తోంది. రెండో పెట్టె అయింది. మూడోది అయింది. నాలుగో పెట్టె మూలసంచీలో పెన్ను సున్నా చూపించింది. బావ టార్చి దగ్గరగా పెట్టాడు. సున్నా.

"సున్నా. ఇది పోయినట్టుంది. చివర్లో చూద్దాం."

అయిదో పెట్టెలో మూడు, నాలుగు. ఆరో పెట్టెలో అయిదు కూడా వచ్చింది. నలభై ఎక్కడా రాలేదు. ఆఖరి సంచీ మూతి కట్టేసరికి రెండూ నలభై అయింది.

"అయిపోయిందా?" అన్నాడు షావుకారు.

"ఒక్క నిమిషం సార్. పెన్ను తుడుచుకోవాలి."

బావ జేబురుమాలు తీశాడు. చెవిలో పెద్దమ్మ గొంతు వచ్చింది. "నాయనా, పిల్ల అక్కడ లేదు. లేదా ఈవిడ మనల్ని ఆడిస్తోంది. బయటికొచ్చెయ్. నేను లారీకి అడ్డంగా మనుషుల్ని పెడతాను, పోతే పోయింది."

వెంటనే డాక్టరమ్మ గొంతు, గార్డుతో. "టైమెంతయిందండీ?"

"రెండూ నలభై."

"పగలు రెండూ నలభయ్యా?"

"పగలు కాక ఏమిటమ్మా, బయట ఎండ చూడండి."

తర్వాత ఆవిడ మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. "బాబూ, నాదే పొరపాటు. నేను చెప్పిన నలభై దాని పగటిపూట అంకె. మా ల్యాబ్‌లో దీపాలు సాయంత్రం ఏడింటికి వెలుగుతాయి, పొద్దున్న ఏడింటికి ఆరిపోతాయి. రాత్రిపూట ఆ జీవి తనని తాను బాగుచేసుకుంటుంది. నేను చదివేది ఆ పనినే. రాత్రంతా కూర్చోలేక దాని రాత్రిని పగటికి తిప్పాను. ఏడాదయింది. దానికిప్పుడు నడిరాత్రి. టార్చి కొడితే లేవదు. దాని ఒంట్లో గడియారం ఉంది, చీకట్లో పెట్టినా వెలుగులో పెట్టినా రెండు మూడు రోజులు అదే టైము చూపిస్తుంది. ఆ సున్నా సంచీ... అది చావలేదు బాబూ. నిద్రపోతోంది."

"ఆవిడ మాట మీద వెళ్లకు నాయనా" అంది పెద్దమ్మ. "చచ్చిన సంచీ నీ చేతిలో పెట్టి, అసలుది విమానం ఎక్కిద్దామనుకుంటే?"

ఇద్దరూ చెప్పింది పొసిగేలాగే ఉంది. బావ పెన్ను తుడవడం పూర్తి చేశాడు. మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"మూడు సంచులు తీసెయ్యాలి సార్. ఫిట్‌గా లేవు."

"ఏవి?"

బావ రెండో పెట్టెలో ఒక సంచీ చూపించాడు. దానికి నాలుగు వచ్చింది, ఏ లోపమూ లేదు. "ఇది. మూతి దగ్గర లీకు."

"తీసెయ్యండి" అన్నాడు షావుకారు.

ఆరో పెట్టెలో అయిదు వచ్చిన సంచీ చూపించాడు. "ఇదీ. నురగ కడుతోంది."

"సర్లే, తీసెయ్యండి. ఇంకోటి?"

"నాలుగో పెట్టె, మూలది. చచ్చిపోయింది."

షావుకారు కుర్చీలో ముందుకు జరిగాడు. "అది ఉండనివ్వండి."

"చచ్చింది సార్."

"చచ్చినా పంపిస్తాను."

"రూలు ఒప్పుకోదు."

"రూలు ఎంతకి ఒప్పుకుంటుందో చెప్పండి."

బతికున్న రెండు సంచులు ఊరికే వదులుకున్న వ్యాపారి చచ్చినదానికి లంచం ఇస్తానంటున్నాడు. బావ నాలుగో పెట్టె మీదికి వంగి సంచీని రెండు చేతుల్తో ఎత్తాడు.

షావుకారు క్యాను ఎత్తాడు. మూత నేల మీద పడింది. ప్యాకర్ అంతకుముందే సంచీ మూతి పట్టుకుని ఉన్నాడు. రబ్బరు బ్యాండు వాడి వేళ్లతో పాటు ఊడొచ్చింది. సంచీ మూతి తెరుచుకుంది. బావ సంచీని కడుపుకు హత్తుకుని, మూతిని గుప్పిట్లో బిగించి, షావుకారుకు వీపు తిప్పాడు. క్యానులో సగం అతని వీపు మీద, మెడ మీద, గుప్పిటి మీద పడింది. కోటు నుంచి పొగలాంటి ఘాటు లేచింది. కళ్లు మూతలు పడ్డాయి. గుప్పిట తీయలేదు.

ప్యాకర్ జేబులోంచి సిరంజి తీశాడు. ల్యాబ్ అసిస్టెంట్ మెడలో దిగింది అలాంటిదే. బావకు అది కనబడలేదు. కనబడింది మరదలికి. ఆమె కుర్చీలోంచి లేవకుండానే ఒక కాలు చాపి ప్యాకర్ పిక్క మీద తన్నింది. చెప్పు మడమలోంచి అంగుళం పొడవు సూది బయటికొచ్చి లోపలికి పోయింది. ప్యాకర్ ఆమె వైపు తిరిగాడు, ఏదో అనబోయాడు, తడినేల మీద కూర్చుండిపోయాడు. షావుకారు మిగిలిన సగం ఒంపడానికి క్యాను మళ్లీ ఎత్తేసరికి, రెండో చెప్పు అతని మోకాలి వెనక తగిలింది. ఆ మత్తు సూదులు రెండూ ఆఫీసు ఇచ్చినవే.

బావ చెయ్యి తొట్టిలో ముంచి మొహం కడుక్కున్నాడు. రెండో చేతిలో సంచీ ఉంది.

"ఇవాళ సోమవారం" అన్నాడు.

"రేపు ప్రయాణంలో ఉంటాగా. రేపటి పని ఇవాళే చేసేశా" అంది మరదలు. "ఆ బాబుని చంపుతారని నాకు చెప్పలేదు బావా. చెప్పుంటే..." కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది.

షావుకారుకు పావుగంటలో తెలివొచ్చింది. వచ్చాక, ముందు పెట్టెల సంగతి పెద్దమ్మ అడిగితే చెప్పాడు. అవతలివాళ్లకు తెలిసిన గుర్తు ఒక్కటే, నాలుగో పెట్టె మూల. బావ తీయించిన రెండు మామూలు సంచుల్లో ఒకటి తెచ్చి మరదలు ఆ మూలలో పెట్టింది. పెట్టెలకు టేపు వేశారు. లారీ టైముకే బయల్దేరింది. మరదలు ముందుసీట్లో కూర్చుని పెదాలకు రంగు సరిచేసుకుంది. విమానం నాలుగు దాటిన అయిదు నిమిషాలకు లేచింది.

అప్పటికి సంచీ ల్యాబ్‌కు చేరింది. డాక్టరమ్మ దాన్ని శుభ్రం చేసిన ఫ్లాస్కులో పోసింది. పెన్ను సున్నా చూపిస్తోంది. బ్లీచ్ చుక్క ఒక్కటి లోపల పడినా చాలునని ఆవిడే చెప్పింది. పడిందో లేదో బావకు తెలియదు. అతని గుప్పిటికి కట్టు కట్టారు. వీపుకు మందు రాశారు.

పెద్దమ్మ అరెస్టు వారంటు మీద సంతకం పెట్టి, కాగితాన్ని బోర్లించి తన ముందు పెట్టుకుంది.

"ఏడింటి దాకా ఆగుతాను. ఆ తర్వాత నన్నేమీ అనకు" అంది డాక్టరమ్మతో.

"అనను" అంది డాక్టరమ్మ.

"భయంగా లేదా?"

"దాన్ని మధ్యలో లేపకూడదు. అదొక్కటే భయం. టార్చి ఎవరూ కొట్టకండి."

ముగ్గురూ గదిలో కూర్చున్నారు. అసిస్టెంట్ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. గార్డు ఒకసారి తలుపు తీసి లైటు వేయబోతే ముగ్గురూ ఒకేసారి వద్దన్నారు.

ఏడింటికి అరలో దీపాలు వాటంతటవే వెలిగాయి. అంకె సున్నా. పెద్దమ్మ కాగితం మీద చెయ్యి వేసింది. కాసేపటికి అంకె రెండు అయింది. తర్వాత ఆరు.

"ఆరేనా?" అంది పెద్దమ్మ.

"మీరు నిద్ర లేవగానే ఆఫీసుకి పరిగెత్తుతారా?" అంది డాక్టరమ్మ.

ఏడున్నరకు అంకె నలభై రెండు. డాక్టరమ్మ ఫ్లాస్కులోంచి కొంత నీళ్లు తీసి ఇంకో మూడు ఫ్లాస్కుల్లో పోసి, మూతలకు దూది పెట్టింది. ఆ తర్వాత అసిస్టెంట్ కుర్చీ వీపు మీద చెయ్యి వేసి నిలబడి ఏడ్చింది. పెద్దమ్మ వారంటును నాలుగుగా చింపి పర్సులో వేసుకుంది.

"రేపు తొమ్మిదింటికి వాంగ్మూలం ఇవ్వాలి. సాక్షిగా. చెప్పులు ఒకే జతవి వేసుకు రండి" అంది.

మర్నాడు హత్య సంగతి అడిగితే షావుకారు చెప్పినదాన్ని బట్టి తేలింది ఇది. కార్డుకు నకలు చేయించింది అసిస్టెంటే. ఫ్లాస్కు కూడా అతనే తీసిచ్చాడు. మిగిలినవాటిలో బ్లీచ్ పోయమన్నప్పుడు ఒక చేతికి గ్లవ్ వేసుకుని, రెండోది వేసుకోకుండా ఆగిపోయాడు. పోయనన్నాడు. పోసిందీ, అతన్ని చంపిందీ ప్యాకర్. ఫ్లాస్కు ఎలా చూసుకోవాలని అడిగితే అసిస్టెంట్ అన్నీ చెప్పాడు, దీపాల టైము తప్ప. మర్చిపోయాడో, దాచాడో షావుకారుకు తెలియదు. ఈ సంగతి విన్నాక డాక్టరమ్మ అసిస్టెంట్ తల్లిని చూడటానికి వెళ్లింది. అక్కడ ఏం మాట్లాడిందో రిపోర్టులో లేదు.

నెల తర్వాత, ఒక గురువారం, ఆఫీసు ఫోనులో మరదలి మెసేజ్ వచ్చింది. "పెద్దమ్మా, పిల్ల అత్తారింట్లో బాగుంది. ఇంకా ఏ పనీ చేయట్లేదు, అయినా అందరూ నెత్తిన పెట్టుకు చూసుకుంటున్నారు. దానికోసం వేరే గది కట్టించారు."

బావ ఈ మెసేజ్‌ను ఇంకో దారిలో సరిచూసుకున్నాడు. గది కట్టిన మాట నిజం. చేపపిల్లల మేత నాచు మీద అక్కడిప్పుడు పద్నాలుగు మంది శాస్త్రవేత్తలు పనిచేస్తున్నారు.